పడకగదికి తాళం.. బలం దర్వాజాలోనే!

* పొట్టి మరలతో బిగిస్తే ఒక్క తన్నుకే ఊడే ప్రమాదం
* లోపలి నుంచి చెవి లేకుండా తెరుచుకునే రకమే శ్రేయస్కరం
* నగలకు గది తాళాన్ని మాత్రమే నమ్ముకోవడం తగదు

గద్వాల: వీధి తలుపుకు తాళం లేని ఇల్లు ఉండదు. లోపలి గదికి మాత్రం గొళ్లెమో, గడియో ఉంటే చాలన్నది మన ఇళ్లలో తరతరాల అలవాటు. ఆ గదికీ చెవితో తెరిచే తాళం కావాలనుకునే కుటుంబాలకు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో కారణాలు లేకపోలేదు. అయితే దుకాణంలో తాళం కొనడంతో పని పూర్తి కాదు. దాన్ని ఎక్కడ, ఎలా, ఏ మరలతో బిగించారన్న దానిపైనే అది పనికి వచ్చేదీ రానిదీ ఆధారపడి ఉంటుంది. తప్పుగా ఎంచుకున్న తాళం దొంగను ఆపకపోగా ఇంట్లోవారినే బందీలుగా మార్చగలదు.

ఎందుకీ అవసరం?

నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు జోడించి నేయడం గద్వాల చీర ప్రత్యేకత. ఇక్కడి నేత కార్మికుడికి ఇల్లే కార్ఖానా. మగ్గం ఉన్న గదిలోకి పగలంతా మనుషులు వస్తూ పోతూ ఉంటారు. నూలు తెచ్చేవారు, అచ్చు అతికేవారు, చీర చూసిపోయేవారు, ఇరుగుపొరుగు పిల్లలు ఎవరూ పరాయివారు కారు. వీధి తలుపు మూసి పని చేయడం కుదరదు. మాస్టర్ వీవర్ల వద్ద పట్టు, జరీ తెచ్చుకుని కూలికి నేసే కుటుంబాలు అనేకం. పోగు పోయినా, చీర పోయినా ఆ భారం చివరకు నేసేవాడి లెక్కలోకే వస్తుంది. ఇటువంటి ఇంట్లో ముడిసరుకు, నేసిన చీరలు దాచే లోపలి గదికి పగటి పూట కూడా తాళం వేసుకోవాలనుకోవడం అనుమానం కిందికి రాదు. అది వృత్తిలో భాగం.

రెండో కారణం అద్దె ఇళ్లు. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడ్డాయి. జిల్లా కార్యాలయాలు రావడంతో ఉద్యోగులు వచ్చారు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలవడంతో విద్యార్థులూ చేరారు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు కలిసి ఉంటూ వంటగది, వరండా ఉమ్మడిగా వాడుకునేచోట ఎవరి గది చెవి వారి వద్ద ఉండటం సహజం.

ఇక పత్తి విత్తన సాగు చేసే గద్వాల ప్రాంత రైతులకు, వేరుశనగ అమ్ముకునే వనపర్తి రైతులకు పంట చేతికొచ్చిన వేళ కొన్నాళ్లు ఇంట్లో నగదు ఉండక తప్పదు. పాలమూరు వలసల సంగతి చెప్పనక్కరలేదు. నెలల తరబడి ఇంటికి తాళం వేసి పనులకు వెళ్లే కుటుంబాలకు మాత్రం గది తాళం ఇచ్చే భరోసా బహు స్వల్పం. ఆ విషయం తర్వాత.

ఏ తాళం మేలు?

అందరికీ తెలిసినది గొళ్లెం, దానికి కప్పతాళం. ఖర్చు తక్కువ, బిగించడం సులువు. అయితే పడకగదికి ఇది అన్నిటికన్నా అనువుకానిది. మనిషి గదిలో ఉన్నప్పుడు బయటి గొళ్లెం అతని చేతిలో ఉండదు. ఎవరు పెట్టినా, పొరపాటున పెట్టినా లోపలివారు చిక్కుకుపోతారు. పైగా గొళ్లెం మరలు బయటికే కనిపిస్తుంటాయి. వాటిని విప్పేవాడికి తాళంతో పనే లేదు.

రెండోది తలుపు లోపలి ముఖం మీద పెట్టెలా బిగించే నైట్ లాచ్. బయట చెవి, లోపల తిప్పుడు పిడి ఉంటాయి. తలుపు మూయగానే దానంతటదే పడిపోవడం దీని గుణం, దోషం కూడా. చెవి లోపలే మరచి బయటికొస్తే గది మూసుకుపోతుంది. చిన్న పిల్లలున్న ఇంట్లో దీన్ని వాడేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం.

మూడోది తలుపు అంచులో గుంట తొలిచి లోపలికి దింపే మోర్టైజ్ తాళం. భారతీయ ప్రమాణాల సంస్థ ఈ రకానికి ఐఎస్ 2209 పేరిట ప్రమాణం నిర్దేశించింది. పిడి తిప్పితే నాలుక, చెవి తిప్పితే గడియ వేర్వేరుగా పనిచేస్తాయి. బలమైనదే గానీ గుంట తొలవడానికి తలుపు మందం ఉండాలి. 30 మిల్లీమీటర్ల పల్చని ఫ్లష్ తలుపుకు దీన్ని బిగిస్తే రెండు వైపులా మిగిలే చెక్క రేకంత పల్చబడుతుంది. తాళం గట్టిదే, తలుపు చీలిపోతుంది. 35 మిల్లీమీటర్లు, అంతకు మించిన మందం ఉంటేనే దీని గురించి ఆలోచించడం మంచిది.

నాలుగోది గుండ్రటి పిడి తాళం. సిలిండ్రికల్ లాక్ పేరిట దుకాణాల్లో దొరుకుతుంది. బయటి పిడి నడుమ చెవి రంధ్రం, లోపలి పిడి నడుమ నొక్కుడు మీట ఉంటాయి. లోపలి పిడిని తిప్పితే చాలు, మీట నొక్కి ఉన్నా తలుపు తెరుచుకునే రకాన్ని అడిగి తీసుకోవాలి. మామూలు పడకగదికి ఇది సరిపోతుంది. బిగించడానికి వడ్రంగికి గంటో రెండు గంటలో పడుతుంది. పనిముట్లు ఉండి, చెయ్యి తిరిగినవారు స్వయంగానూ బిగించుకోవచ్చు.

చెవి తిరిగితే లోపల జరిగేది

ఈ తాళాల్లో అధిక భాగం సూది తాళాలే. చిన్న గొట్టంలో అయిదారు జతల ఇత్తడి సూదులు, వాటిపై స్ప్రింగులు ఉంటాయి. ఒక్కో జత ఒక్కో ఎత్తులో తెగి ఉంటుంది. సరైన చెవి దూర్చినప్పుడు దాని పళ్లు అన్ని సూదుల తెగుళ్లనూ ఒకే గీతకు తెస్తాయి. అప్పుడే లోపలి గొట్టం తిరుగుతుంది. ఒక్క సూది పైకో కిందికో ఉన్నా కదలదు. అమెరికాకు చెందిన లైనస్ యేల్ జూనియర్ 1860ల్లో పేటెంటు పొందిన ఈ పద్ధతే నేటికీ ప్రపంచమంతా నడుస్తోంది. మన దేశంలో 1897లో అర్దేశిర్ గోద్రెజ్ బొంబాయిలో తాళాల తయారీతోనే వ్యాపారం ప్రారంభించారు. అలీగఢ్, దిండిగల్ పట్టణాలు తాళాలకే పేరు పొందాయి.

మరీ చవక తాళంలో సూదులు తక్కువ, కోత నాసి. ఒకదాని చెవి మరోదానికి పట్టే అవకాశం పెరుగుతుంది. దుకాణంలోనే అదే రకం మరో పెట్టె తెరిపించి చెవులు మార్చి చూస్తే సంగతి తేలిపోతుంది. అమ్మేవాడు విసుక్కున్నా ఈ పరీక్ష మానకూడదు.

ముందు తలుపును చూడాలి

తాళం పెట్టె విప్పడానికి ముందు చూడాల్సినది తలుపు బందులు. పై బందు వదులైతే తలుపు ఒక మూలకు వాలుతుంది. వాలిన తలుపుకు కొలత తీసి తాళం బిగిస్తే, బందు సరిచేసిన నాడు నాలుక రంధ్రానికి అందదు. తలుపుకు, దర్వాజాకు నడుమ సందు రెండు రూపాయి బిళ్లలు జతగా దూరేంత ఉంటే చాలు. చెక్క వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. వైశాఖంలో బిగుతుగా పట్టిన తలుపు శ్రావణంలో మూసుకోదు.

తలుపు ఎటు తెరుచుకుంటుందన్నదీ ముఖ్యమే. గది లోపలికి తెరుచుకుంటే బందులు లోపలే ఉంటాయి. హాలు వైపు తెరుచుకునే తలుపుకు బందుల పిన్నులు బయటికి కనిపిస్తాయి. ఆ పిన్నులు లాగేస్తే తాళం ఉన్న వైపు ముట్టుకోకుండానే తలుపు ఊడివస్తుంది. అటువంటిచోట పిన్ను ఊడిరాని బందులు మార్చుకున్నాకే తాళం మాట.

ఫ్లష్ తలుపుల్లో తాళం కోసం అంచు మధ్య భాగంలో గట్టి చెక్క దిమ్మె పెడతారు. కొన్నిటికి రెండు వైపులా, కొన్నిటికి ఒక వైపే ఉంటుంది. వేళ్లతో తట్టి శబ్దం విని, అనుమానమైతే సన్నని బర్మాతో అంచున చిన్న రంధ్రం వేసి చూసుకోవాలి. పలకల తలుపైతే మధ్య అడ్డచెక్క నిలువుచెక్కలోకి దిగే అతుకును తప్పించాలి. సరిగ్గా ఆ అతుకులోనే రంధ్రం తొలిస్తే తలుపుకు నడుము విరిచినట్లే. పాత ఇళ్లలోని టేకు తలుపుల మీద ప్రయోగాలు తగవు. అంత మందానికి సిలిండ్రికల్ తాళం అందకపోవచ్చు. వాటికి అనుభవం గల వడ్రంగినే పిలవాలి.

బిగించే తీరు

నేల నుంచి 36 నుంచి 40 అంగుళాల ఎత్తులో తలుపుపై అడ్డగీత గీయాలి. తాళం పెట్టెలో వచ్చే కాగితపు నమూనాను అంచుకు మడిచి రెండు గుర్తులు పెట్టాలి. ఒకటి తలుపు ముఖం మీద, మరొకటి అంచు మందానికి సరిగ్గా నడుమ. అంచు నుంచి పిడి నడుమకు దూరం 60 లేదా 70 మిల్లీమీటర్లు ఉంటుంది. ఏదన్నది తాళాన్ని బట్టి చూసుకోవాలి. ఇక్కడ తప్పు జరిగితే ఆ తలుపుపై మచ్చ శాశ్వతం.

ముఖం మీద పెద్ద రంధ్రం చాలా రకాలకు 54 మిల్లీమీటర్లు. దీనికి గుండ్రటి రంపపు బిళ్ల అవసరం. ఒకే వైపు నుంచి ఆసాంతం కోస్తే అవతలి వైపు ప్లైవుడ్ పొర పెచ్చులుగా లేచిపోతుంది. నడుమ ఉండే సన్నని మొన అవతలికి కనిపించగానే ఆపి, రెండో వైపు నుంచి కోయాలి. ఆ తరువాతే అంచు నుంచి నాలుక దూరే రంధ్రం వేయాలి. ఇది సుమారు 25 మిల్లీమీటర్లు. బర్మా పైకో కిందికో వాలకుండా మరొకరు పక్కన నిలబడి చూస్తూ చెబితే పని తిన్నగా సాగుతుంది.

నాలుకను దూర్చి, దాని ముఖపు రేకు చుట్టూ పెన్సిలుతో గీసి, ఉలితో మూడు మిల్లీమీటర్ల మేర చెక్క తీయాలి. రేకు తలుపు అంచుతో సమానంగా కూర్చోవాలి. నాలుక ఏటవాలు ముఖం తలుపు మూసుకునే దిక్కుకు ఉండాలి. తిరగేసి పెడితే తలుపు మూసుకోనే మూసుకోదు. తరువాత చెవి ఉన్న పిడిని బయటి నుంచి, మీట ఉన్న పిడిని లోపలి నుంచి పెట్టి రెండు పొడుగు మరలతో కలపాలి. ఈ మరల తలలు తప్పనిసరిగా గది లోపలి వైపే ఉండాలి. తొందరలో పిడులు తారుమారు చేస్తే బయట నిలబడినవాడు ఒక్క స్క్రూడ్రైవరుతో తాళం మొత్తాన్నీ విప్పుకుపోగలడు.

తలుపు తెరిచి ఉంచే చెవితో పదిసార్లు వేసి తీసి చూడాలి. మూసి పరీక్షించడం తరువాతి పని. మొదటిసారే మూసి, తాళం మొరాయించి, కొత్త తలుపు బద్దలు కొట్టుకోవాల్సిన అగత్యం తెచ్చుకోకూడదు.

అసలు పట్టు ఇక్కడే

ఇంతవరకు శ్రద్ధగా చేసినవారు కూడా దర్వాజా దగ్గరకు వచ్చేసరికి తొందరపడతారు. నాలుక దూరే చోట బిగించే చిన్న రేకునే స్ట్రైక్ ప్లేట్ అంటారు. తలుపును కాలితో తన్నినప్పుడు ఆ దెబ్బంతా చేరేది ఈ రేకుకే. దాన్ని పట్టి ఉంచేవి రెండే మరలు. తాళంతో పాటు వచ్చే మరలు అంగుళం కూడా ఉండవు. దర్వాజా గాడి అంచున పల్చటి చెక్కను పట్టుకుని వేలాడే ఆ మరలు ఊడితే, తాళానికి గీత పడకుండానే తలుపు తెరుచుకుంటుంది. తాళం మీద వేలు ఖర్చు పెట్టి మరల మీద పది రూపాయలు మిగుల్చుకోవడం విచిత్రమైన పొదుపు.

వాటిని పక్కన పడేసి 50 నుంచి 65 మిల్లీమీటర్ల మరలు వాడాలి. ముందుగా సన్నని రంధ్రం వేసి, మరకు కాస్త సబ్బు రాసి బిగిస్తే గట్టి చెక్క చీలదు, మర తల విరగదు. రేకు ఎక్కడ పెట్టాలో తెలియడానికి నాలుక కొనకు సుద్దపొడి రాసి తలుపు మూసి పిడి వదిలితే దర్వాజాపై గుర్తు పడుతుంది. నాలుక పూర్తిగా దిగేంత లోతు తొలవాలి. సగమే దిగిన నాలుక పడినట్లే కనిపిస్తుంది, తోస్తే జారిపోతుంది.

నాలుక పక్కన సన్నని పుల్లలాంటి మరో మీట కొన్ని తాళాల్లో ఉంటుంది. తలుపు మూసినప్పుడు అది రేకుకు ఆనుకుని నొక్కుకుపోయి ఉండాలి. అప్పుడే నాలుక వెనక్కి పోకుండా బిగుసుకుంటుంది. రంధ్రం పెద్దదై ఆ పుల్ల కూడా నాలుకతో పాటు లోపలికి దిగిపోతే, సందులోంచి పాత ప్లాస్టిక్ కార్డు దూర్చి తలుపు తెరవడం కష్టమేమీ కాదు.

ఇనుప దర్వాజాలకు ఈ రంధ్రాన్ని వెల్డింగ్ దుకాణంలో కోయించుకోవాలి. సిమెంటు దర్వాజాలకు ఉలి దెబ్బ పనికిరాదు, అంచు పెచ్చులూడుతుంది. రాతి బర్మాతో చిన్న చిన్న రంధ్రాలు వరుసగా వేసి కలపాలి. మరలు పట్టేందుకు ప్లగ్గులు దింపాలి. దర్వాజాకు, గోడకు మధ్య సున్నం రాలి ఖాళీ ఏర్పడిన ఇళ్లలో ముందుగా ఆ ఖాళీని పూడ్చాలి. కదిలే దర్వాజాకు ఏ తాళమూ నిలవదు.

కిటికీకి కడ్డీలు.. దారి ఒక్కటే

మన ఇళ్ల కిటికీలకు ఇనుప కడ్డీలు తప్పనిసరి. అంటే పడకగదికి తలుపు ఒక్కటే దారి. అర్ధరాత్రి వంటగదిలో గ్యాసు మండినా, మగ్గం గదిలో నూలుకు నిప్పంటుకున్నా, పొగలో కళ్లు కనిపించని వేళ లోపలివారు చెవి కోసం దిండు కింద వెతుక్కునే పరిస్థితి ఉండకూడదు. ప్రజలు వెలుపలికి వచ్చే తలుపులు లోపలి వైపు నుంచి చెవి అవసరం లేకుండా తెరుచుకోవాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతోంది. సొంతింటి పడకగదిని ఏ అధికారీ వచ్చి తనిఖీ చేయడు. అయినా ఆ నియమం వెనుక ఉన్న కారణం ఇంటికీ వర్తిస్తుంది. కాబట్టి రెండు వైపులా చెవితోనే తెరిచే తాళం పడకగదికి వద్దు. ఒక వైపు చెవి, లోపలి వైపు తిప్పుడు పిడి ఉన్నదే కొనాలి.

రెండు మూడేళ్ల పిల్లలు ఆటలో మీట నొక్కి తలుపు వేసుకోవడం మరో ప్రమాదం. లోపలి పిడి ఎలా తిప్పాలో వారికి తెలియదు, భయంతో చెప్పినదీ వినరు. అందుకే ఒక చెవి ఎల్లవేళలా గది వెలుపలే, పెద్దలందరికీ తెలిసిన చోట ఉండాలి. మూడు చెవులనూ ఒకే గుత్తికి తగిలించి అదే గదిలోని బీరువాలో పెట్టడం తరచూ జరిగే పొరపాటు. పిల్లలు మాత్రమే పడుకునే గదికి, జబ్బుతో ఉన్న వృద్ధుల గదికి చెవి తాళమే అనవసరం. బయటి వైపు నాణెంతో తిప్పి తెరిచే గాడి ఉన్న మామూలు గడియ చాలు. ఎవరైనా చిక్కుకుని, పరిస్థితి చేయి దాటుతుందనిపిస్తే 112కు గానీ, అగ్నిమాపక సిబ్బంది కోసం 101కు గానీ ఫోన్ చేయాలి.

పొలానికి వెళ్తూ మతిమరుపు వచ్చిన పెద్దవారిని గదిలో ఉంచి బయట తాళం పెట్టే ఇళ్లూ ఉన్నాయి. ఉద్దేశం మంచిదే కావచ్చు. అగ్ని ప్రమాదమో, గుండెనొప్పో వస్తే ఆ తాళమే యమపాశమవుతుంది. మనిషిని అక్రమంగా నిర్బంధించడం 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద నేరం. ఏడాది వరకు జైలు, 5 వేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. పెద్దవారి వద్ద ఒక మనిషిని కూర్చోబెట్టడమే ఉపాయం.

పురుగుమందుల డబ్బాలను పడకగదిలో పెట్టి తాళం వేసే అలవాటు రైతు కుటుంబాలు మానుకోవాలి. వాటికి తాళం ఉండాల్సిందే. అయితే ఆ తాళం మనుషులు పడుకోని కొట్టానికో, బయటి పెట్టెకో ఉండాలి.

గది తాళం ఆపలేనిది

లోపలి గది తాళం చేయగలిగినది రెండే పనులు. ఇంట్లోకి వచ్చిపోయేవారి చేతివాటాన్ని అడ్డుకుంటుంది, దొంగకు కొంత ఆలస్యం కలిగిస్తుంది. ఇంట్లో మనుషులు ఉన్నప్పుడు ఆ కాస్త ఆలస్యం, ఆ చప్పుడు విలువైనవే. నెలల తరబడి ఎవరూ లేని ఇంట్లో దొంగకు తొందరేముంటుంది? పైగా ఇల్లంతా తెరిచి ఒక్క గదికే తాళం వేస్తే సొత్తు ఎక్కడుందో చూపినట్లవుతుంది. తాళం తెరిచి ఇంట్లో చొరబడటం, నివాస గృహంలో దొంగతనం చేయడం న్యాయ సంహితలో వేర్వేరు నేరాలు. నివాస గృహంలో దొంగతనానికి 305వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. శిక్ష పడినా పోయిన బంగారమంతా తిరిగొస్తుందన్న హామీ లేదు.

వలస వెళ్లేవారు, ఊరెళ్లేవారు నగలను బ్యాంకు లాకరులో పెట్టుకోవడం ఉత్తమం. రిజర్వు బ్యాంకు సవరించిన నిబంధనలు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం బ్యాంకులో అగ్ని ప్రమాదం, దొంగతనం, దోపిడీ, భవనం కూలడం వంటివి జరిగినా, సిబ్బందే మోసానికి పాల్పడినా లాకరు వార్షిక అద్దెకు వంద రెట్ల వరకు బ్యాంకు చెల్లించాలి. నగల విలువ అంతకు మించితే మిగతాది దక్కదన్నదీ గుర్తుంచుకోవాలి.

చెవి పోతే..

తాళం బిగించిన వడ్రంగి వెళ్లాక చెవులు లెక్క చూసుకోవాలి. అద్దె ఇల్లు మారినప్పుడు పాత కిరాయిదారు నకలు చెవి చేయించుకున్నాడో లేదో ఎవరికీ తెలియదు. మోర్టైజ్ తాళాల్లో సిలిండర్ వేరుగా ఊడివచ్చే రకమైతే దాన్నొక్కటే మార్చుకోవచ్చు. తలుపు కొత్తగా కోయనక్కరలేదు. కొనేటప్పుడే ఈ వీలు ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి.

తుంగభద్ర, కృష్ణ తీర గ్రామాల్లో తేమకు తాళాలు తుప్పు పడతాయి. 2009 అక్టోబరు వరదల్లో రాజోలి, అలంపూర్ ప్రాంతాల్లో ఇళ్లు మునిగినప్పుడు తలుపులు, మగ్గాలు అన్నీ నీటిపాలయ్యాయి. బురద నీరు దిగిన తాళాన్ని బాగుచేసి వాడటం కన్నా మార్చడమే మేలు. మామూలు రోజుల్లో చెవి బిర్రుగా తిరిగితే చాలామంది కొబ్బరినూనె పోస్తారు. కొద్ది రోజులు హాయిగా తిరుగుతుంది. తరువాత ఆ జిడ్డుకు దుమ్ము, మగ్గం నూగు అంటుకుని సూదులు బిగుసుకుపోతాయి. పెన్సిలు ములుకును మెత్తగా నూరి ఆ పొడిని చెవికి అద్ది నాలుగైదు సార్లు తిప్పితే సరిపోతుంది. ఏడాదికోసారి, వానలు మొదలవడానికి ముందు, దర్వాజా మరలు బిగించుకోవాలి.